స్కోమర్ కట్టుబాట్లే నాకు నిద్రనిచ్చాయి

సంపాదకుల వారికి నమస్కారం.

రెండు వారాల క్రితం ఈ శీర్షికలోనే ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. వేల్స్ నైరుతి తీరంలోని స్కోమర్ ద్వీపం చూడాలని ఆయన ఎంతో దూరం నుంచి వస్తే, ఉత్తరపు గాలి వీస్తోందని ఆ రోజు పడవ నడపలేదట. మర్నాడు దిగగలిగారు గాని, కాలిబాట వదిలి గడ్డిలో అడుగు వేయనివ్వలేదట. రోజుకు 250 మందికే అనుమతి, సోమవారం సెలవు, వేళకు తిరుగు పడవ ఎక్కాలి. నాలుగు పిట్టలను చూడడానికి ఇన్ని ఆంక్షలా అని ఆయన నొచ్చుకున్నారు. అంత దూరం వచ్చిన మనిషి నిరాశ నాకు అర్థమవుతుంది. కానీ నేను పోయిన జూన్‌లో అదే ద్వీపం మీద రెండు రాత్రులు గడిపి వచ్చాను. ఆయన వేటినైతే తప్పుపట్టారో అవే నన్ను బాగుచేశాయి. ఆ మాట చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను. లేఖ పొడవైతే మన్నించండి.

నేను నర్సును. 19 ఏళ్ళుగా ఆసుపత్రి పని. అందులో చివరి 11 ఏళ్ళు ఇంటెన్సివ్ కేర్‌లో, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. 2020 తర్వాత నాకు నిద్ర చెడింది. డ్యూటీ లేని రాత్రి కూడా మూడు గంటలకు కళ్ళు తెరుచుకునేవి. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నా చెవిలో మానిటర్ మోగుతూనే ఉండేది. లేచి కూర్చుని, ఎవరి సెలైన్ అయిపోయిందో అని చీకట్లో ఒక్క క్షణం వెతుక్కునేదాన్ని. పగలు తెరలు దించుకుని పడుకున్నా నిద్ర వచ్చీ రానట్టే ఉండేది. ఇలా ఉండగా, నాతో పనిచేసే ఒకావిడ స్కోమర్‌లో రెండు పడకలు దొరికాయి, వస్తావా అని అడిగింది. పక్షులంటే ఆమెకు ప్రాణం. ద్వీపం నడుమ ఉన్న పాత వ్యవసాయ క్షేత్రంలో రాత్రికి 16 మందినే ఉండనిస్తారు కాబట్టి పడకలు దొరకడమే గొప్ప. అక్కడ ప్రశాంతంగా ఉంటుందా అని అడిగాను. "ప్రశాంతమా? రాత్రంతా గోల. అయినా రా," అంది.

మార్టిన్స్ హేవెన్ అనే చిన్న రేవు నుంచి పడవలో పావుగంట. తిండి, పడుకునే సంచి మనవే తీసుకువెళ్ళాలి. బయలుదేరే ముందు సంచుల్లో, తిండి పెట్టెల్లో ఎలుక గాని దూరలేదని ఎవరివి వాళ్ళు విప్పి చూసుకోవాలి. నేను ప్రతి జేబూ తిరగేసి చూశాను. అంటురోగం ఉన్నవారి గదిలో అడుగుపెట్టే ముందు చేతులు కడుక్కుని ఏప్రన్ తొడుక్కోవడం మాకు ఎంత అలవాటో, ఇదీ అలాగే అనిపించింది. ఎందుకో మా స్నేహితురాలు పడవలో చెప్పింది. బ్రిస్టల్ చానెల్‌లో లండీ అనే మరో ద్వీపం ఉంది. ఓడల్లో వచ్చిన ఎలుకలు అక్కడ బొరియల్లోని గుడ్లను, పిల్లలను తినేస్తూ వచ్చాయి. చివరికి షీర్‌వాటర్లు అనే సముద్రపు పక్షులు ఇంచుమించు 300 జతలకు పడిపోయాయి, పఫిన్లు అనే రంగు ముక్కు పక్షులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మిగిలాయి. 2002 నుంచి 2004 దాకా పట్టుబట్టి ఎలుకలను ఏరివేశారు. 2006లో లండీలో ఇక ఎలుకలు లేవని ప్రకటించారు. ఇప్పుడు అక్కడ షీర్‌వాటర్లు వేల జతలయ్యాయి, పఫిన్లు వెయ్యి దాటాయి. స్కోమర్‌లో మాత్రం ఎలుకలు మొదటి నుంచీ లేవు. నక్క లేదు, పిల్లి లేదు. ఇన్ని పక్షులు నేలలో బొరియలు తవ్వుకుని గుడ్డు పెట్టే ధైర్యం చేస్తున్నాయంటే అందుకే. ఒక్క సంచిలో చూలు ఎలుక ఒకటి వచ్చినా ఆ ధైర్యం మన్నులో కలుస్తుంది.

పడవ దిగగానే 87 నిటారు మెట్లు. వరుసగా నిలబడి సామాను చేతులు మార్చుకుంటూ పైకి అందించుకున్నాం. అందరం కొత్తవాళ్ళమే. నా సంచిని ఎవరు మోశారో నాకు తెలియదు, నేను ఎవరిది అందించానో వాళ్ళకు తెలియదు.

పగటిపూట చూసినవాటిలో 'విక్' అనే కొండచరియ దగ్గరి పఫిన్లనే ముందు చెప్పాలి. బొమ్మల్లో చూసి పెద్ద పక్షులనుకుంటారు. నిలబడితే అడుగు ఎత్తు కూడా ఉండవు. నల్లటి వీపు, తెల్లటి రొమ్ము, నారింజ కాళ్ళు, రంగుల పట్టీలున్న ముక్కు. ఆ ముక్కు రంగులు సంతానకాలానికే. శీతాకాలంలో ఆ రంగు పొరలు రాలిపోతాయట. 2023లో స్కోమర్‌లో లెక్కిస్తే 42,513 పఫిన్లు తేలాయి. జూన్‌లో వాటి బొరియల్లో పిల్లలుంటాయి, ఒక్కో బొరియలో ఒక్కటే. తల్లిదండ్రులు సముద్రం నుంచి సన్నటి ఇసుక చేపలను ముక్కులో అడ్డంగా, వరుసగా పేర్చుకుని వస్తాయి. నాలుకతో, అంగిట్లోని ముళ్ళతో మొదట పట్టిన చేపలను అదిమిపెట్టి మళ్ళీ నోరు తెరిచి కొత్తది పట్టగలవు కాబట్టి ఒక్క విడతలో పది చేపలైనా తేగలవు.

వాటి బొరియలు కాలిబాటకు రెండు వైపులా ఉన్నాయి. ఒక పఫిన్ నోటినిండా చేపలతో దిగి, నా ముందు ఆగింది. కదలదు. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది. పైన గల్ పక్షులు ఆ చేపల కోసమే తిరుగుతున్నాయి. నేను ముచ్చటపడి చూస్తున్నానే తప్ప, దాని ఇంటి దారికి నేనే అడ్డంగా నిలబడ్డానని తెలుసుకోలేదు. అక్కడి కార్యకర్త ఒకరు నెమ్మదిగా, "రెండడుగులు వెనక్కి వేయండి," అన్నారు. వేశాను. అది తల వంచి, నా బూట్ల మీదుగా అన్నంత దగ్గరగా పరుగెత్తి బొరియలో దూరింది. ఆ రెండడుగులు వెనక్కి వేయడంలో నాకు కలిగిన తృప్తి చాలా కాలంగా ఎరగనిది.

కొండ అంచుల్లో గిల్లెమాట్లు అనే మరో రకం సముద్రపు పక్షులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. గూడు కట్టవు, ఉత్త రాతి మీదే గుడ్డు. మూడు వారాల పిల్ల ఎగరడం రాకముందే ఆ చరియ మీద నుంచి సముద్రంలోకి దూకుతుంది. కింద తండ్రి ఎదురుచూస్తూ ఉంటుంది. టిమ్ బర్క్‌హెడ్ అనే శాస్త్రవేత్త ఈ పక్షుల అధ్యయనాన్ని ఇక్కడ 1972లో మొదలుపెట్టారు. ఏటా వచ్చి అవే చరియలు, అవే లెక్కలు. గంట గంటకూ చార్టు నింపే పని చేసినదాన్ని కాబట్టి, ఆ ఓపిక విలువ నాకు తెలుసు. ఒక్క గంట అంకె ఏమీ చెప్పదు. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తేనే రోగి ఎటు పోతున్నాడో తెలుస్తుంది.

ఇక రాత్రి. నేను చెప్పాలనుకున్నది అసలు దీని గురించే.

స్కోమర్ పఫిన్ల ద్వీపమని పేరు పడింది గాని నిజానికి అది మ్యాంక్స్ షీర్‌వాటర్ల ద్వీపం. 2018 గణనలో సుమారు 3.5 లక్షల జతలు తేలాయి. ఈ జాతి ఇంత పెద్ద సంఖ్యలో నివసించే చోటు ప్రపంచంలో మరొకటి తెలియదు. పగలు వెళ్ళి వచ్చేవారికి ఒక్కటీ కనబడదు. సగం నేల కింద ఉంటాయి, సగం సముద్రం మీద. లెక్కించేవారు కూడా బొరియ దగ్గర పక్షి అరుపు రికార్డు వినిపించి, లోపలి నుంచి జవాబు వస్తే ఉందని రాసుకుంటారు. వీటి శాస్త్రీయ నామం పఫినస్ పఫినస్. పూర్వం పఫిన్ అనే మాట వీటి పిల్లలదే; తర్వాత ఆ రంగు ముక్కు పక్షికి పోయింది. పేరు పోగొట్టుకున్న పక్షి ఇది.

అమావాస్య దగ్గరి రాత్రి, మబ్బు కూడా పట్టింది. మా స్నేహితురాలు ఆ తేదీ కావాలనే ఎంచుకుంది. వెన్నెల ఉంటే ఈ పక్షులు ఒడ్డుకు రావడానికి భయపడతాయి. వీటి కాళ్ళు దేహానికి బాగా వెనక ఉంటాయి. నీళ్ళలో ఈదడానికి బాగుంటుంది గాని నేల మీద సరిగా నిలబడలేవు, రొమ్ము మీద పాకుతాయి. పెద్ద నల్లవీపు గల్‌కు వెలుతురులో దొరికాయంటే అంతే. అందుకే చీకటి పడేదాకా దూరంగా సముద్రం మీద గుంపులుగా ఆగి ఉంటాయి. మేము కిటికీలకు తెరలు దించి, ఎర్ర కాంతి టార్చి మాత్రం పట్టుకుని బయట నిలబడ్డాం.

పదకొండు దాటాక మొదటి అరుపు నా తల మీదుగా వెళ్ళింది. ఎలా చెప్పను? పసిబిడ్డ ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి పట్టేస్తే వచ్చే శబ్దం లాంటిది. నర్సు కాళ్ళు ఆగవు, ఎటో పరుగెత్తబోయాను. ఇంకొకటి. ఇంకొకటి. పది నిమిషాల్లో ఆకాశమంతా అదే. గాలిలో నుంచి వాటికి నేల కింది నుంచి జవాబులు. మగవాటి గొంతు స్పష్టం, ఆడవాటిది బొంగురు. కళ్ళకు ఏమీ కనబడదు, చెంప పక్కన రెక్క గాలి తగులుతుంది, దబ్బుమని గడ్డిలో ఏదో పడుతుంది. టార్చి వంచి చూస్తే పావురమంత పక్షి, మోచేతుల మీద పాకే మనిషిలా రెక్కలు ఆనించుకుంటూ తన బొరియ వైపు పోతోంది. అన్ని లక్షల రంధ్రాల్లో తనది ఏదో దానికి తెలుసు.

ఏడాదికి ఒకే గుడ్డు. సుమారు 50 రోజులు పొదగాలి. ఒకటి అయిదారు రోజులు కదలకుండా గుడ్డు మీద కూర్చుంటే రెండోది సముద్రంలో మేసి, ఒక రాత్రి వచ్చి దాన్ని విడుదల చేస్తుంది. అది మా డ్యూటీ అప్పగింతే! నా కాళ్ళ పక్కనున్న బొరియలో రెండు గొంతులు కలిసి గుడగుడమంటుంటే, పొద్దున ఏడున్నరకు అలసిన గొంతుతో మేము చెప్పుకునే మాటలు గుర్తొచ్చాయి. కాసేపటికి ఒక పక్షి బయటికి వచ్చి, చీకట్లోకి పాకుతూ వెళ్ళిపోయింది. డ్యూటీ దిగింది.

వీటి తెలివి గురించి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోతాను. 1952లో పక్కనే ఉన్న స్కోఖోమ్ ద్వీపం పక్షినొకదాన్ని అమెరికా తీసుకువెళ్ళి బోస్టన్‌లో వదిలారు. పన్నెండున్నర రోజుల్లో అట్లాంటిక్ దాటి తన బొరియకు చేరింది. దాన్ని వదిలామని రాసిన ఉత్తరం ఆ తర్వాత అందింది. యాభై ఏళ్ళు దాటి బతికిన షీర్‌వాటర్లు కూడా ఉన్నాయి. కాలికి వేసిన కడియాల వల్ల తెలిసింది. దాదాపు నా వయసంత. నేను పుట్టినప్పటి నుంచీ ప్రతి శీతాకాలం దక్షిణ అమెరికా తీరానికి పోయి, ప్రతి వసంతం అదే రంధ్రానికి తిరిగివచ్చిన ప్రాణి ఆ చీకట్లో నా పక్కన ఎక్కడైనా ఉండి ఉండవచ్చు.

ఆ మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలవాటు ప్రకారం మూడింటికి లేచి బయటికి వచ్చాను. మా స్నేహితురాలూ వచ్చింది. నాలుగవుతుంటే తూర్పు కొంచెం తెల్లబడింది, అరుపులు పలచబడ్డాయి. కాలిబాటకు పది గజాల దూరంలో, ఆలస్యమైపోయిన షీర్‌వాటర్ ఒకటి గడ్డిలో పాకుతోంది. గల్ వచ్చి దాన్ని రెక్క దగ్గర పట్టింది. అది ఇంకా బతికే ఉంది. నేను ఆలోచించలేదు. నా కాలు బాట దిగబోయింది. మా స్నేహితురాలు చేతిని గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. "నువ్వు అడుగు వేసేచోట కింద ఇంకొకటి గుడ్డు మీద కూర్చుని ఉంది," అంది.

నిజమే. ఆ నేలంతా బొరియలతో డొల్ల. నా బరువు పడితే కప్పు కూలుతుంది. ఒకదాన్ని కాపాడబోయి, ఇంకెన్నింటిని చీకట్లోనే పాతిపెట్టేదాన్నో. గల్ కూడా తన పిల్లలకు తిండి తీసుకువెళ్ళాలి. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడ్చాను కూడా. చూస్తుండగా ఒక ప్రాణం పోతుంటే చేయి పెట్టకుండా నిలబడడం నా వృత్తి జీవితంలో అదే మొదటిసారి. తెల్లవారాక దారి పొడవునా అలాంటివి కనబడ్డాయి. రొమ్ము ఎముకకు రెండు రెక్కలు అంటుకుని మిగిలిన శరీరాలు. పోస్టుకార్డుల మీద ఇవి వేయరు. కానీ వాటిని చూడకుండా ఆ ద్వీపాన్ని చూశామనలేం.

రెండో రాత్రి ఒంటిగంట దాకా బయటే ఉండి వచ్చి పడుకున్నాను. గోడ అవతల లక్షల గొంతులు. అవి వింటూ వింటూ ఉండగా నాకొక సంగతి తట్టింది. ఇన్ని అరుపుల్లో ఒక్కటీ నన్ను పిలవడం లేదు. ఏ అలారానికీ నేను లేవనక్కర్లేదు. లేచినా చేయగలిగింది లేదు, చేయడానికి అనుమతీ లేదు. తర్వాత నాకు తెలిసింది పొద్దున్న తొమ్మిది. మధ్యలో తెల్లవారుజాము మూడు ఎప్పుడు వచ్చి పోయిందో తెలియదు.

ఇప్పుడు ఆ పాఠకుడి బాధ దగ్గరికి వస్తాను. ఉత్తరపు గాలి వీస్తే పడవ నడపకపోవడం ఎవరి పంతమూ కాదు. పడవ ఆగే రేవు ఉత్తరానికి తెరుచుకుని ఉంది, అలలు లేస్తే మనుషులను మెట్ల మీదికి దింపడం ప్రమాదం. బాట దిగనివ్వకపోవడానికి కారణం పైన రాశాను. 250 మంది అనే లెక్క గురించి నాకు ఒకటే తోస్తుంది. వెయ్యి మంది వస్తే ఆ పఫిన్ ముందు ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు, దాని పిల్ల బొరియలో ఆకలితో ఉంటుంది. 1959 నుంచి జాతీయ ప్రకృతి రక్షిత ప్రాంతంగా ఉన్న చోటు అది. అక్కడ పక్షులు ఇంటివాళ్ళు, మనం చుట్టాలం.

ఇంకొకటి కూడా చెప్పాలి. స్కోమర్ పడమటి అంచున నిలబడితే దూరాన గ్రాస్‌హోమ్ అనే చిన్న ద్వీపం కనబడుతుంది. గ్యానెట్ పక్షులతో తెల్లగా, మంచు కప్పిన రాయిలా ఉంటుంది. 2022లో అక్కడ బర్డ్ ఫ్లూ వచ్చింది. మరుసటి ఏడాది లెక్కపెడితే గూళ్ళు అంతకుముందు ఉన్నవాటిలో సగానికి పడిపోయాయి. బైనాక్యులర్లలో ఆ తెలుపును చూస్తూ నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. ఒక వార్డు ఎంత వేగంగా ఖాళీ అవుతుందో నేను చూశాను. బూట్లు శుభ్రం చేసుకోండి, చచ్చిన పక్షిని ముట్టుకోకండి అని ఎవరైనా అంటే దయచేసి విసుక్కోకండి.

సంపాదకులకు ఒక మనవి. మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి ద్వీపాల ఫోటోలు వేసినప్పుడు, పక్కనే నాలుగు మాటలు కూడా వేయండి: సంచులు విప్పి చూసుకోవాలని, తెల్ల కాంతి టార్చి, ఫ్లాష్ వాడకూడదని, పక్షికీ దాని బొరియకూ మధ్య నిలబడకూడదని. ఫోటో చూసి బయలుదేరేవాళ్ళు ఈ మాటలు కూడా చదువుకుని వెళ్తే రేవు దగ్గర నొచ్చుకోరు.

ఆ పాఠకుడు ఈ లేఖ చదివితే, మరొక్కసారి వెళ్ళమని కోరుతున్నాను. ఈసారి పగటి పడవకు తిరిగి రాకుండా అమావాస్య చూసుకుని రాత్రి ఉండండి. మేమూ వచ్చే జూన్‌కు పడకలు రాయించుకున్నాం. ఉత్తరపు గాలి వీస్తే రేవులోనే ఆగి, మర్నాటి పడవ కోసం చూస్తాం.

ఇట్లు,
రాత్రి డ్యూటీ నర్సు,
వేల్స్